పాత బోర్డుల గోల

ఒరేయ్ ప్రసాదూ,

ఎలా ఉన్నావు? ఈమధ్య నాకు దుకాణాల బోర్డుల పిచ్చి పట్టింది. నవ్వకుండా చదువు.

ఇక్కడ బెంగళూరులో, చిక్కపేట సందులో మనవాళ్లదే ఒక బట్టల కొట్టుంది. వాళ్ల తాతగారు ధర్మవరం నుంచి వచ్చి పెట్టింది. పైన రేకు మీద చేత్తో రాసిన బోర్డు. ఎర్ర అక్షరాలు, ఒక్కోదానికీ కుడి పక్కన నల్ల నీడ, రెంటికీ మధ్య వెంట్రుకవాసి పసుపు గీత. ఇంగ్లీషు పెద్దగా, దాని పక్కన కన్నడం, అడుగున చిన్నగా తెలుగు. మూలన పెయింటరు సంతకం. ఇప్పుడు దాన్ని దింపేయాలట. కర్ణాటకలో కన్నడ భాష కోసం తెచ్చిన 2024 సవరణ చట్టం ప్రకారం బోర్డులో 60 శాతం కన్నడం ఉండాలి, అదీ పై భాగంలో. ఆ ఏడాది ఫిబ్రవరి 28 గడువని హడావిడి చేసినప్పుడు మా చుట్టుపక్కల ఎన్ని రేకులు పాత ఇనుప సామాన్ల కొట్టుకి పోయాయో! ఈ కొట్టాయన ఎలాగో నెట్టుకొచ్చాడు. ఇక లైసెన్సు టెన్షన్ పడలేనంటున్నాడు.

కన్నడం పైన ఉండాలంటే నాకేం బాధ లేదు. ఈ ఊరి తిండి తింటూ ఈ ఊరి భాష పైనుంటే ఏడవడమేంటి? నా గొడవల్లా, కొలత టేపు పట్టుకొచ్చినవాడికి నిన్నటి ఫ్లెక్సూ, తాతలనాటి రేకూ ఒకటే కావడం.

అమెరికాలోనూ ఇదే తంటా. అక్కడ చాలా ఊళ్లలో బోర్డు ఎంత ఎత్తుండాలి, ఎంత వెడల్పుండాలి అన్నది జోనింగ్ నిబంధనల్లోనే, అంటే ఏ ప్రాంతంలో ఏది ఎలా కట్టాలో చెప్పే రూల్స్‌లోనే, ఉంటుంది. రూలు రాకముందు కట్టిన పెద్ద నియాన్ బోర్డుని అలా వదిలేస్తారు గానీ, బాగుచేద్దామని దింపితే కొత్త కొలతలు పాటించాల్సిందే. దాంతో ఓనరు చెయ్యి పెట్టడు, అది తుప్పు పట్టి పోతుంది. అరిజోనాలోని టూసాన్ నగరం 2011లో చారిత్రక బోర్డులకని విడిగా ఒక నిబంధన తెచ్చింది. అర్హత ఉన్న పాత నియాన్లని కొత్త కొలతలతో పని లేకుండా బాగుచేసుకోవచ్చు. నాకు బాగా నచ్చింది అదే, మరమ్మతుని నేరం కాకుండా చేశారు.

న్యూయార్క్‌లో అయితే నది ఒడ్డునున్న ఎర్రటి పెప్సీ-కోలా బోర్డుకి 2016లో ఏకంగా ల్యాండ్‌మార్క్ హోదా ఇచ్చారు. దాని వెనక ఉండే బాట్లింగ్ ఫ్యాక్టరీ ఎప్పుడో పోయింది. చక్కెర నీళ్ల ప్రకటనకి చట్టం కాపలా ఏంట్రా అని మొదట నాకూ అనిపించింది. కానీ జనం దాన్ని ప్రకటనగా చూడటం ఎప్పుడో మానేశారు, అది వాళ్లకి గుర్తు. ఇక్కడ కావేరి థియేటర్ మూతపడినా ఆ జంక్షన్‌ని అందరూ కావేరి అనే అంటారు కదా, అలాగ.

మన దగ్గర పాత కట్టడాల గురించి కర్ణాటక 1961 నాటి టౌన్ ప్లానింగ్ చట్టంలో మాట ఉంది. కానీ గోడకి కొట్టిన రేకుని కట్టడమని ఎవరు ఒప్పుకుంటారు? 2009లో ఎంజీ రోడ్డు ఇండియా కాఫీ హౌస్ మూసి చర్చ్ స్ట్రీట్‌కి మారినప్పుడు ఊరంతా తెగ బాధపడింది. బాధకి రూలు తోడైతేనే పని జరుగుతుంది.

నన్నడిగితే పెద్ద కమిటీలేం అక్కర్లేదు. బాగా పాతదై, మొదట పెట్టిన చోటే ఉన్న బోర్డుకి వార్డు ఆఫీసులో ఒక నంబరు ఇవ్వాలి. దాన్ని కొలతలోంచి తప్పించి, పైన కన్నడ బోర్డు విడిగా పెట్టించాలి. పెయింటు ఖర్చు లైసెన్సు ఫీజులో తగ్గించాలి. లేకపోతే ఓనరు మాత్రం ఎందుకు పూనుకుంటాడు, వాడికేం ఒరుగుతుంది?

ప్రస్తుతానికి కొట్టాయన్ని ఒక బేరానికి ఒప్పించాను. పాత రేకు అలాగే ఉంచి, అది కప్పబడకుండా దానికి పైభాగాన ఇంకా పెద్ద రేకు బిగించి కన్నడంలో రాయించాలి. ఫ్లెక్సు వద్దు, కుంచెతోనే, అదే నీడ పడాలి. ఇక్కడ చెయ్యి తిరిగినవాడు దొరకట్లేదు. హిందూపురంలో మీ పెదనాన్న తెలుగూ కన్నడమూ రెండూ రాసేవారు కదా, ఇంకా రాస్తున్నారా? నిచ్చెన ఎక్కలేకపోతే రేకుని అక్కడికే పంపిస్తానంటున్నాడు కొట్టాయన. ఆయన్ని అడిగి, రేటెంతో కూడా కనుక్కుని వెంటనే ఫోన్ చెయ్యి.

నీ
రమణ