పాత లారీకి ఎల్ఈడీ వెనక పెట్టండి, హెడ్‌లైట్ డూమ్‌లో మాత్రం వద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

నాది చిలకలూరిపేట. 2009 మోడల్ టాటా 1613 ఒకటుంది, ఓనర్నీ నేనే డ్రైవర్నీ నేనే, గుంటూరు యార్డు నుంచి మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మద్రాసు తోలుతుంటా, సీజన్ లేనప్పుడు దొరికిన లోడల్లా. పాత బండికి ఎల్ఈడీ బల్బులేసే విషయం మీద నాలుగు ముక్కలు రాయాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నా, ఎందుకంటే ఇప్పుడు ఏ ఆటోనగర్‌కెళ్ళినా ముందు అడిగేది అదే, ఎల్ఈడీ వేసేద్దామా అన్నా అని.

నేనూ వేయించా. నా బండి డిమ్ లైట్ గుడ్డిదీపంలా ఉండేది, వానలో అయితే రోడ్డు మార్జిన్ కూడా ఆనేది కాదు. షాపాయన బల్బు మారిస్తే చాలు వైరింగ్ ముట్టుకోనక్కర్లేదన్నాడు, జత 1,800 తీసుకున్నాడు, పది నిమిషాల్లో బిగించేశారు. ఆ రాత్రి హైవే ఎక్కితే రోడ్డంతా పిండారబోసినట్టు తెల్లగా, ఇన్నేళ్ళు ఎందుకు ఆగానా అనిపించింది. కానీ ఎదురొచ్చే ప్రతివాడూ నాకు డిప్పర్ కొడుతున్నాడు, నేనున్నది డిమ్‌లోనే. హైవే మీద మధ్యలో డివైడర్ ఉంది, చెట్లున్నాయి కాబట్టి పెద్దగా పట్టించుకోలా.

నాలుగో రోజు నరసరావుపేట రోడ్డులో వస్తున్నా, అది డబుల్ రోడ్డు, డివైడర్ లేదు. ఎదురుగా బైక్ మీద మొగుడూ పెళ్ళాం, మధ్యలో చిన్నపిల్ల. అతను ఒక చెయ్యి తీసి కళ్ళకి అడ్డం పెట్టుకోవటం నాకు కనపడింది, అంతలోనే బండి మార్జిన్ దిగి కంకరలో జారి ముగ్గురూ పడ్డారు. లారీ ఆపి పరిగెత్తా. దేవుడి దయ, మోచేతులు గీరుకోవటం తప్ప పెద్ద దెబ్బలేం తగల్లా, పాపకి ఏమీ కాలా. అతను అన్నది ఒకటే మాట, డిమ్ కొట్టొచ్చు కదన్నా అని. నేను డిమ్‌లోనే ఉన్నా తమ్ముడూ అంటే నమ్మలా. అప్పుడు అతను పడ్డ చోటే నిలబడి నా లారీ వైపు చూశా. రోడ్డు లేదు, తెల్లగీత లేదు, మనిషి లేడు, రెండు తెల్లటి మంటలు తప్ప ఏమీ కనపడలా. ఇరవై ఏళ్ళకి పైగా స్టీరింగ్ వెనక కూర్చున్నోడిని, నా లైటు ఎదుటోడికి ఎట్టా ఉంటదో ఒక్కసారి కూడా దిగి చూడలేదు.

తర్వాత నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ బాబాయ్ దగ్గరికెళ్ళా, నలభై ఏళ్ళుగా లారీ వైరింగే ఆయన పని. పాత హాలోజన్ బల్బు, ఈ ఎల్ఈడీ బల్బు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆ పాత బల్బుని హెచ్4 అంటారు, దాంట్లో డిమ్‌కొకటి బ్రైట్‌కొకటి రెండు ఫిలమెంట్లుంటాయి, డిమ్ ఫిలమెంట్ కింద చిన్న రేకు చెంచాలాంటిది ఉంటది, అది ఉండబట్టే వెలుగు డూమ్, అంటే బల్బు వెనకుండే మెరిసే గిన్నె, పైసగానికే తగిలి అక్కణ్ణుంచి కిందకి రోడ్డు మీద పడుద్ది. ఫిలమెంట్ వెంట్రుకవాసి అటూఇటూ అయినా లెక్క తప్పుద్ది, డూమ్‌ని ఆ ఒక్క చోటు కోసమే చేశారు. ఎల్ఈడీ బల్బులో లావుపాటి పట్టీకి రెండు పక్కలా చిప్‌లు అతికించి ఉంటాయి, వెలుగు పుట్టే చోటే వేరు, ఇంక అది డూమ్‌లో ఎక్కడెక్కడో తగిలి పైకి, పక్కకి చిమ్ముద్ది. డ్రైవర్‌కి దగ్గర్లో తెల్లగా కనపడుద్ది కాబట్టి లైటు పెరిగిందనుకుంటాడు, దూరానికి వెళ్ళాల్సిన వెలుగు అంతా ఎదుటోడి కళ్ళలోకి పోతుంటది. దీనికి తోడు లారీకి లోడేస్తే వెనక కుంగి ముందు లేస్తది, అంటే లైటు ఇంకా పైకి చూస్తది. పూర్వం హెడ్‌లైట్ అద్దం మీద నల్లరంగు బొట్టో సగానికి పట్టీయో వేసేవాళ్ళు, ఎదుటోడి కళ్ళ మీద ఆ మాత్రం శ్రద్ధ ఉండేది.

మరి నా డిమ్ అంత గుడ్డిగా ఎందుకుంది అంటే బాబాయ్ మీటర్ పెట్టాడు. రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిపి 24 వోల్టుల బండి నాది, ఇంజన్ ఆన్‌లో బ్యాటరీ దగ్గర 27 వోల్టులు పైగా ఉంది, బల్బు హోల్డర్ దగ్గరికి వచ్చేసరికి 22 కూడా లేదు. మిగతాది దారిలోనే పోతోంది, కాలిపోయిన హోల్డరు, స్విచ్ లోపల కాంటాక్టులు, తుప్పు పట్టిన ఎర్త్. ఫిలమెంట్ బల్బుకి వోల్టేజ్ పదో వంతు తగ్గితే వెలుగు ఇంచుమించు మూడో వంతు పోతదంట, నా బండికి అయిదు వోల్టులు తగ్గితే ఇంకేం మిగులుద్ది, సగం కూడా రాదు. ఎల్ఈడీ బల్బులు వీకేశాడు, హెడ్‌లైట్ కరెంటు మొత్తం స్విచ్‌లోంచి పోకుండా డిమ్‌కొకటి బ్రైట్‌కొకటి రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్‌లు) పెట్టి బ్యాటరీ నుంచి ఫ్యూజ్‌తో లావు వైరు లాగాడు, ఎర్త్ ఛాసిస్‌కి గీకి శుభ్రంగా కొత్తగా కట్టాడు, డూమ్‌లు మసిబారి ఉంటే మార్చాడు. బల్బులు మామూలు 24 వోల్టుల 75/70 వాట్ల హాలోజనే. అన్నీ కలిపి ఎల్ఈడీ జత కంటే ఎక్కువే అయింది, కానీ నా బండి డిమ్ అంత దూరం పోవటం కొన్నప్పట్నుంచీ నేను చూడలా. సాయంత్రం లోడ్‌తోనే రైస్‌మిల్లు గోడ ముందు ఆపి గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసి ఎత్తు సెట్ చేశాడు, అరగంట పని.

ఎల్ఈడీ వద్దని మాత్రం నేను అనను. వెనకయితే తప్పకుండా వేయించండి. లారీ వెనక బల్బులు కుదుపులకి ఫిలమెంట్ తెగి ఊరికే పోతుంటాయి, డ్రైవర్‌కి తెలీను కూడా తెలీదు, బ్రేక్ లైటు లేకుండా వందల కిలోమీటర్లు పోతాడు. ఎల్ఈడీలో ఫిలమెంటే లేదు కాబట్టి ఆ గోల లేదు. ఇంకోటి, ఫిలమెంట్ వేడెక్కి పూర్తిగా వెలగటానికి దాదాపు 0.2 సెకను పడుద్ది, ఎల్ఈడీ అయితే బ్రేక్ తొక్కగానే వెలుగుద్ది, 80 స్పీడులో వెనకొచ్చే బండికి అది నాలుగు మీటర్ల పైమాటే, కారువాడు లారీ కింద దూరటానికీ దూరకపోవటానికీ అంత తేడా చాలు. కాకపోతే విడి బల్బు కాకుండా నీళ్ళు పోని సీల్డ్ లైటు మొత్తం మార్చుకోండి, 24 వోల్టులదే తీసుకోండి. బల్బే వేస్తే ఎర్ర గ్లాసు వెనక ఎర్రదే వేయాలి, తెల్లది వేస్తే వెలిసిపోయిన గులాబీ రంగులో కనపడుద్ది.

ఇండికేటర్లకి ఎల్ఈడీ వేశాక టకటకమని స్పీడుగా కొట్టుకుంటాయని చాలామంది కంగారు పడతారు. ఎల్ఈడీ కరెంటు తక్కువ లాగుద్ది, ఇండికేటర్‌ని ఆర్పి వెలిగించే పాత ఫ్లాషరేమో బల్బు పోయిందనుకుని అట్టా కొడుద్ది, ఎల్ఈడీకి పనికొచ్చే ఫ్లాషర్ మారిస్తే సరిపోద్ది. కొంతమంది ఫ్లాషర్ మార్చకుండా కరెంటు ఎక్కువ లాగటానికి రెసిస్టర్లు కడతారు, అవి చెయ్యి పెట్టలేనంత కాలతాయి, వైరు కరిగి టార్పాలిన్ దాకా పాకితే లోడుతో సహా పోద్ది. 12 వోల్టుల ఎల్ఈడీ చవకగా దొరికిందని రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచే లైను లాగటం ఇంకో పాడు అలవాటు, ఒక బ్యాటరీ ఎండిపోద్ది ఇంకోటి ఓవర్ ఛార్జింగ్ అవుద్ది, ఆర్నెల్లకి రెండూ మార్చుకోవాలి. మా పక్కూరి డ్రైవర్‌కి అట్టాగే అయింది, పాపం.

రూలు లేక కాదు ఇదంతా జరిగేది. ముందు లైటు 8 మీటర్ల దూరంలో 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి కొట్టకూడదని మోటారు వాహనాల రూల్సులో ఉంది, అనుమతి లేని మార్పులు చేస్తే 2019 సవరణ తర్వాత ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, జైలు కూడా ఉంది. కానీ ఎనిమిదేళ్ళు దాటిన బండికి ప్రతి ఏడూ ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయిస్తాం కదండీ, నా బండికి లైటు వెలుగుతుందా లేదా అని చూశారే గానీ ఎటు చూస్తుందో ఒక్కసారీ చూడలా. ఎఫ్‌సీ రోజు అసలు బల్బులు, మర్నాడు ఎల్ఈడీలు పెట్టుకునేవాళ్ళు కూడా ఉన్నారు, అది మన తప్పే, తోటి ఓనర్లకి చెప్తున్నా.

అధికారులకి నా మనవి ఒకటి. జనవరిలో రోడ్డు భద్రతా మాసం అని టోల్‌గేట్ల దగ్గర డ్రైవర్లకి కంటి పరీక్షలు చేయిస్తున్నారు, కళ్ళజోళ్ళు ఇస్తున్నారు, చాలా మంచి పని, నాకూ అక్కడే అద్దాలొచ్చాయి. ఆ టెంటు పక్కనే ఒక తెల్లగోడ మీద గీతలు గీసి, ఒక ఎలక్ట్రీషియన్ని స్క్రూడ్రైవర్‌తో రాత్రి పూట కూర్చోబెట్టండి. ఫైన్ వేయొద్దు, లైటు దించి పంపండి, చాలామంది మామూలు డ్రైవర్లకి తమ లైటు పైకి చూస్తుందనే తెలీదు. అది మొదలయ్యేలోపు నాలాంటి పాత బండ్ల ఓనర్లు ఈ వారంలో ఒక రాత్రి మీ లారీ డిమ్‌లో పెట్టి, క్లీనర్ని లోపల కూర్చోబెట్టి, మీరు యాభై అడుగులు ముందుకి నడిచి వెనక్కి తిరిగి చూడండి.

ఇట్లు,
ఒక లారీ ఓనరు,
చిలకలూరిపేట