గది కొలతలు చెప్పందే ఇకపై రంగు కలపం

పాలకొల్లులో మా రంగుల కొట్టుకు వచ్చే ఖాతాదారులందరికీ నమస్కారం. ఈ దసరా నుంచి ఒక పద్ధతి మారుస్తున్నాం. "పడగ్గదికి లేతపచ్చ, ఓ బకెట్టు కలిపెయ్యండి" అంటే ఇక కలపం. గది పొడవు, వెడల్పు, ఎత్తు, గోడ ఇప్పుడెలా ఉంది, ఈ నాలుగూ చెప్పాకే డబ్బా రంగు చుక్కలు వేసే మిషన్ కిందకి వెళ్తుంది.

కారణం దాచేదేం కాదు. ఒకసారి రంగు చుక్కలు పడ్డ డబ్బాని కంపెనీ వెనక్కి తీసుకోదు, కాబట్టి మేమూ తీసుకోలేం. మీ షేడు ఇంకొకరికి నచ్చి కొనుక్కెళ్లడం జరిగే పని కాదు. ఎక్కువ కలిపితే డబ్బు మీకు పోతుంది. తక్కువ కలిపితే మళ్లీ కలిపిన డబ్బాలో వెంట్రుకవాసి తేడా రావచ్చు. అది గోడ నడిమధ్యలో కనబడితే మాట పడేది మేం.

లెక్కకి టేపు చాలు. మన వైపు చిన్న పడగ్గది అంటే దాదాపుగా పన్నెండు పది, ఎత్తు పది. నాలుగు గోడల చుట్టుకొలత 44 అడుగులు, దాన్ని ఎత్తుతో హెచ్చిస్తే 440 చదరపు అడుగులు. ఇందులోంచి తలుపు (3 x 7) 21, కిటికీలు (4 x 4) రెండు 32 తీసేస్తే 387. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. గదిలో అటక ఉంటే దాని అడుగుభాగం గోడ రంగే వేస్తారా, సీలింగు తెలుపే వేస్తారా అన్నది ముందే అనుకోండి. పది అడుగుల పొడవు, రెండడుగుల లోతు అటకకి అడుగుభాగమే 20 చదరపు అడుగులు. దాన్ని కలిపితే 407. తలుపుల్లేని గోడ అల్మరా ఉంటే మాత్రం దాన్ని కిటికీలాగా తీసెయ్యకండి. లోపలి అరల పైభాగం, కిందిభాగం, పక్కలు విప్పి కొలిస్తే ఆ గోడ ముక్క కన్నా ఎక్కువే వస్తుంది.

సీలింగు 120. దాన్ని ఈ లెక్కలో కలపొద్దు, ఎందుకంటే అది తెలుపు. తెలుపు ఇంట్లో అన్ని గదుల సీలింగులకీ ఒక్కటే కాబట్టి ఇల్లంతా కలిపి ఒకేసారి లెక్కేసుకుంటే పెద్ద డబ్బా వస్తుంది, లీటరు ధర తగ్గుతుంది. ఒక్క గదికే అయితే లీటరు డబ్బా సరిగ్గా సరిపోయీ సరిపోనట్టు ఉంటుంది, లీటరు డబ్బాలే రెండు తీసుకెళ్లి వాడనిది తిరిగి ఇచ్చెయ్యండి. మిషన్ ఎక్కని తెలుపు మేం వెనక్కి తీసుకుంటాం.

ఇప్పుడు 407 చదరపు అడుగులకి ఎన్ని లీటర్లు? అసలు తగువంతా ఇక్కడే. మామూలు ఇంటీరియర్ ఎమల్షన్ (లోపలి గోడలకి వేసే, నీళ్లు కలిపే రంగు), లప్పం (పుట్టీ) పెట్టి ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) కొట్టిన నున్నటి గోడ మీద, రెండు కోటింగులకి కలిపి లీటరుకి 100 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది. 140 వస్తే మూడు లీటర్లకి పని అయిపోతుంది. 110 వస్తే 3.7, అంటే నాలుగు లీటర్ల డబ్బా చాలు. అదే గోడ గరుగ్గా ఉండి, లప్పం లేకుండా, పాత సున్నం గీకి వదిలేసినదైతే 80 కూడా రాదు, అయిదు లీటర్లు దాటుతుంది. గది అదే, టేపు అదే, మూడు నుంచి అయిదు దాకా తేడా. అందుకే కొలతలతో పాటు గోడ ఫొటో కూడా అడుగుతున్నాం. పగటి వెలుతురులో, గోడకి పక్కగా నిలబడి తీసిన ఫొటో పంపండి. ఎదురుగా తీస్తే ఎగుడుదిగుడులు తెలియవు. డబ్బా మీద రాసే అంకె ఒక కోటింగుకా, రెండింటికా అన్నది కూడా చూసుకోండి. ఒక కోటింగు అంకె చూసి సగం రంగు కొనుక్కెళ్లేవాళ్లు ప్రతి సీజన్లోనూ ఉంటారు.

డిస్టెంపరు (ఎమల్షన్ కన్నా చవక రంగు) లెక్క వేరు, అది కిలోల్లో అమ్ముతారు. కిలోకి రెండు కోటింగులు సుమారు 50 నుంచి 60 చదరపు అడుగులు, ఈ గదికి ఏడెనిమిది కిలోలు.

గోడ ఎంత తాగుతుందో ముందే పట్టుకోవడానికి మాకు తెలిసిన మంచి ఉపాయం ప్రైమర్. లప్పం పెట్టిన గోడ మీద నీటి ప్రైమర్ ఒక కోటింగుకి లీటరుకి సుమారు 130 చదరపు అడుగులు నడవాలి. మన గది గోడలకి మూడు లీటర్ల పైచిలుకు. నాలుగు లీటర్ల డబ్బా తెరిచి మొదలెట్టండి. నాలుగు గోడలూ అయ్యాక అడుగున ఇంకా మిగిలిందంటే గోడ బాగుంది. మూడో గోడ దగ్గరే డబ్బా అయిపోయిందంటే అదే నిష్పత్తిలో ఎమల్షన్ కూడా పెంచాలి. ఈ సంగతి ఫోన్లో చెప్పండి, అప్పుడే రంగు కలుపుతాం. ప్రైమర్ ఎలాగూ ముందు రోజే అయిపోతుంది కాబట్టి మీకు ఆలస్యం ఏమీ ఉండదు. పాత ఎమల్షన్ గట్టిగా పట్టుకుని ఉన్న గోడకి మొత్తం ప్రైమర్ అక్కర్లేదు, లప్పంతో పూడ్చిన మచ్చల మీద వేస్తే చాలు. ఆ మచ్చల మీద వెయ్యకపోతే మాత్రం అక్కడ రంగు ఇంకిపోయి, పక్క నుంచి చూస్తే చారలు చారలుగా తేలుతుంది.

కొత్త ప్లాస్టరింగుకి లప్పం రెండు కోటింగులకి కిలోకి 12 చదరపు అడుగులు వేసుకోండి. సంచి మీద ఇంతకన్నా పెద్ద అంకె ఉంటుంది, అది అద్దంలాంటి గోడకి. మన గది గోడలకి 34 కిలోలు, అంటే 40 కిలోల సంచి ఒకటి. రెండు సంచులు తీసుకుని సగం మిగుల్చుకోవద్దు. మన గాలిలో విప్పిన సంచి తేమ పీల్చి ఉండకడుతుంది, ఆ ఉండలు మళ్లీ కరగవు. కలిపిన లప్పం కూడా రెండు మూడు గంటల్లో వాడెయ్యాలి. గట్టిపడ్డాక నీళ్లు పోసి మెత్తబరిస్తే గోడకి పట్టదు.

ముదురు రంగులకి ఈ లెక్కలు చెల్లవు. మంచం వెనక ఒక గోడకి ఎరుపో, నిమ్మపసుపో వేయించుకునే సరదా ఈమధ్య బాగా పెరిగింది. బేస్ అంటే చుక్కలు వెయ్యకముందు డబ్బాలో ఉండే రంగు. ఆ షేడ్లు ముదురు బేస్‌లో కలుస్తాయి, ఆ బేస్‌లో తెలుపు పొడి తక్కువ, కింద ఉన్నదాన్ని కప్పే శక్తీ తక్కువ. మూడు కోటింగులు ఖాయం. 120 చదరపు అడుగుల గోడకి లీటరుకి 75 వేసుకుంటే 1.6, అంటే రెండు లీటర్లు. ఎరుపు వేసేవాళ్లు మొదటి కోటింగుగా బూడిదరంగు కలిపిన ప్రైమర్ వేస్తే ఒక కోటింగు ఖర్చు తగ్గే అవకాశం ఉంది. పసుపుకి మాత్రం అడుగున తెల్లగానే ఉండాలి, బూడిదరంగు వేస్తే పసుపు మురికిగా కనిపిస్తుంది.

ఇంకో చిన్న మెలిక. మిషన్ మీద కలిపే బేస్ డబ్బాలన్నీ నిండా ఉండవు, రంగు చుక్కలకి చోటు వదులుతారు. కొన్నిటి మీద 0.9, 3.6, 9, 18 లీటర్లనే అచ్చు వేసి ఉంటుంది. మనం వాడుకలో నాలుగు లీటర్లంటాం, లోపల ఉండేది 3.6 బేస్, పైన చుక్కలు. లెక్క 3.7 దగ్గర నిలిచినప్పుడు ఈ తేడాయే కొంప ముంచుతుంది. అలాంటప్పుడు నాలుగుతో పాటు ఇంకో లీటరు కూడా ఒకేసారి కలిపించుకోండి. రెండు డబ్బాలూ పెద్ద బకెట్లో పోసి, బాగా కలిపి, అందులోంచే గోడలన్నిటికీ వాడాలి. విడివిడిగా వాడితే తేడా గోడ మీదే తేలుతుంది. తప్పనిసరై మధ్యలో కొత్త డబ్బా మొదలెట్టాల్సి వస్తే గోడ మూలకి వచ్చాక మొదలెట్టండి, సగం గోడలో వద్దు. మా వైపు నుంచి చేసేది ఏమిటంటే, మీకు కలిపిన బ్యాచ్‌దే ఇంకో బేస్ డబ్బా మీ పని అయ్యేదాకా మీ పేరు రాసి పక్కన పెడతాం. అక్కర్లేదని ఫోన్ చేస్తే చాలు, దానికి డబ్బు కట్టక్కర్లేదు.

మేస్త్రి రాసిచ్చిన చీటీ గురించి కూడా సూటిగా చెప్పాలి. చదరపు అడుగుల లెక్కన కూలి మాట్లాడుకున్నప్పుడు చాలామంది మేస్త్రులు తలుపులు, కిటికీలు తియ్యరు. అంచుల వెంట బ్రష్షుతో జాగ్రత్తగా వెయ్యడానికి పొద్దు ఎక్కువ పడుతుంది కాబట్టి కూలికి అది న్యాయమే. అదే అంకెతో రంగు కొంటే మన గదిలో 53 చదరపు అడుగులు, అంటే అర లీటరు అదనం. అలాంటి గదులు ఆరుంటే మూడు లీటర్లు. కొన్ని డబ్బాల్లో పెయింటర్లకి లాభం ఇచ్చే కంపెనీ టోకెన్లుంటాయి, బకెట్టు పెద్దదైతే మాకూ లాభమే, ఇవి రెండూ మీకు తెలిసి ఉండాలి. అలాగని మేస్త్రిని అనుమానించకండి. ఎక్కువమంది భయం టోకెన్ గురించి కాదు, మధ్యాహ్నం రంగు అయిపోతే మనుషులు ఖాళీగా కూర్చుంటారని. చీటీ, మీ కొలతలు రెండూ తెస్తే తేడా ఎక్కడొచ్చిందో ముగ్గురం కూర్చుని చూసుకోవచ్చు.

నీళ్ల విషయంలో రెండు మాటలు. ఎంత కలపాలో డబ్బా వెనక శాతం ఉంటుంది, రకాన్ని బట్టి మారుతుంది. అంతకు మించి పోస్తే రంగు ఎక్కువ గోడ నడిచినట్టే ఉంటుంది, ఆరాక కింద ఉన్న గోడ కనబడి మూడో కోటింగు వెయ్యాల్సి వస్తుంది. మిగిలిందేం లేదు, కూలి అదనం. నరసాపురం, మొగల్తూరు వైపు, సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో రంగు కలపొద్దు. తాగే నీళ్లు వాడండి, గదికి పట్టేది రెండు మూడు లీటర్లే.

ఏ లెక్కా పనికిరాని గోడ నెమ్ము గోడ. డెల్టాలో నేల కింద నీళ్లు పైపైనే ఉంటాయి. పునాది మీద చెమ్మ ఆపే పట్టీ సరిగా వెయ్యని ఇళ్లలో గోడ అడుగు నుంచి రెండు మూడడుగుల దాకా నెమ్ము పాకుతుంది, దాంతో పాటే ఉప్పు వస్తుంది. తెల్లటి పొడి పొంగి, లప్పం బుడగలేసి, పెచ్చులూడుతుంది. దాని మీద ఎన్ని లీటర్లు పోసినా ఊడేదే. అనుమానం ఉంటే అడుగున్నర చదరం పాలిథిన్ కాగితం గోడకి పెట్టి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు అంటించి, మర్నాటిదాకా వదిలెయ్యండి. కాగితం లోపలివైపు, గోడకి ఆనిన చోట నీటి చుక్కలు కనబడితే నెమ్ము గోడలోనే ఉంది. బయటివైపే తడి ఉంటే అది గాలిలో తేమ. వరదనీళ్లు వచ్చి వెళ్లిన లంక ఊళ్లలోనైతే ముందు ఒండ్రు కడిగి, గోడ ఆరనిచ్చి, ఆరాక పైకి తేలిన ఉప్పుని పొడి బ్రష్షుతోనే దులపాలి. తడిగుడ్డతో తుడిస్తే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. ఆ గోడలకి దసరా ముందు రంగు వద్దనే చెబుతాం, కొలతలు తెచ్చినా సరే.

నిజానికి రంగులకి మన వైపు మంచి కాలం కాలవలు కట్టేసే వేసవి. గోడలు ఎండి ఉంటాయి, మేస్త్రులు దొరుకుతారు, కోటింగుకీ కోటింగుకీ మధ్య నాలుగు గంటలు చాలు. అందరూ వచ్చేది మాత్రం ధనుర్మాసంలో, భోగికి వారం ముందు. అప్పుడు పొద్దుట మంచు వీడేదాకా మొదలెట్టకండి, రెండో కోటింగు మర్నాటికి పెట్టుకోండి.

తిరిగి తీసుకునేవి: సీలు తియ్యని ప్రైమర్, తెలుపు, విప్పని లప్పం సంచి, బిల్లుతో తెస్తే పూర్తి డబ్బు ఇస్తాం. రంగు కలిపిన డబ్బా మాత్రం మూత తియ్యకపోయినా కుదరదు. మచ్చలు దిద్దుకోవడానికి అర లీటరు ఇంట్లో ఉంచుకోండి, నీళ్లు కలపకముందే చిన్న డబ్బాలోకి తీసి మూత బిగించాలి. నీళ్లు కలిసిన రంగు కొద్ది రోజుల్లోనే కుళ్లు వాసన వేస్తుంది. డబ్బా మూత మీది స్టిక్కర్లో షేడు నెంబరు, బేస్, రంగు రకం ఉంటాయి, దాన్ని ఫొటో తీసి దాచుకోండి. మళ్లీ అదే రంగు కావాలంటే మాకు పంపాల్సింది ఆ ఫొటోయే.