టైమర్ పక్కనే నాణెం అసలు విలువ కూడా చూపించాలి: వినియోగదారుల వ్యవహారాల మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారాలు. టీవీ షాపింగ్ కార్యక్రమాల్లో సేకరణ నాణేలు అమ్ముతున్న తీరు గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ కార్యక్రమాలు మీరెప్పుడైనా ఒక గంటసేపు కూర్చుని చూశారో లేదో నాకు తెలియదు. నేను నాలుగు నెలలు చూశాను. మా నాన్నగారు పోయాక ఆయన బీరువాలో ముప్ఫై ఒక్క నాణేల పెట్టెలు దొరికాయి. అవి ఆయన దగ్గరికి ఎలా వచ్చాయో తెలుసుకోవాలనిపించింది.

ప్రతి పెట్టెలో వెల్వెట్ గుడ్డ, ప్లాస్టిక్ కేసు, బంగారు రంగు ముద్ర ఉన్న సర్టిఫికెట్ ఉన్నాయి. బిల్లులన్నీ ఆయన తేదీల వారీగా దాచుకున్నారు. ఆ పెట్టెలు పట్టుకుని ముగ్గురు నాణేల డీలర్ల దగ్గరికి వెళ్లాను. ముగ్గురూ సర్టిఫికెట్ వైపు చూడనైనా లేదు, నాణేన్ని తీసి తూకం వేశారు. చాలా వాటికి లోహం ధర తప్ప ఇంకేమీ రాదన్నారు. పూత వేసిన వాటికి అదీ రాదన్నారు. నాన్నగారు కట్టిన డబ్బులో ఐదో వంతు కూడా తిరిగి రాలేదు. ఒక డీలర్ మాత్రం నన్ను కూర్చోమని, "అమ్మా, ఇలాంటి పెట్టెలు నా దగ్గరికి తరచూ వస్తుంటాయి. తెచ్చేది ఎప్పుడూ పిల్లలే" అన్నారు.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు కుదుటపడలేదు. కొన్నవాళ్లు బతికుండగా ఎవరూ ఫిర్యాదు చేయరు, ఎందుకంటే తమ దగ్గర విలువైనదేదో ఉందనే వాళ్లు నమ్ముతుంటారు. అందుకే మీ శాఖకు వచ్చే ఫిర్యాదులను లెక్కపెట్టి ఈ సమస్య ఎంత పెద్దదో తేల్చవద్దని కోరుతున్నాను.

నేను చూసినంతలో ఆ కార్యక్రమాల్లో పచ్చి అబద్ధాలు తక్కువే. చెప్పేదాంట్లో చాలావరకు నిజమే ఉంటుంది. కొనేవాడికి కావలసిన మిగతా సగం నిజం చెప్పరు.

"వందేళ్ల నాటి అసలైన వెండి డాలర్" అంటూ అమెరికా మోర్గాన్ డాలర్ చూపిస్తారు. నిజమే, అది వందేళ్ల నాటిదే, వెండిదే. కానీ 1921లో ఒక్క ఫిలడెల్ఫియా టంకశాలలోనే ఆ డాలర్లు 4 కోట్ల 40 లక్షలకు పైగా ముద్రించారని ఎవరూ చెప్పరు. పాతదైనంత మాత్రాన నాణెం అరుదైనది అయిపోదు. రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ కాలపు చిన్న కంచు నాణేలు 1700 ఏళ్ల నాటివి. అవి కుండలకొద్దీ బయటపడ్డాయి కాబట్టి వాటిలో సాధారణ రకాలు ఇప్పటికీ చవకగానే దొరుకుతాయి. నాణేలు సేకరించే వాళ్లలో ఇది తెలియని వాళ్లుండరు. టీవీ ముందు కూర్చున్న పెద్దాయనకు మాత్రం తెలియదు.

ఇక గ్రేడింగ్ సంగతి. నాణెం స్థితిని 1 నుంచి 70 వరకు అంకెల్లో చెప్పే పద్ధతి 1949లో విలియం షెల్డన్ అనే ఆయనతో మొదలైంది. తర్వాత 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ సంస్థలు వచ్చాయి. నాణేన్ని పరీక్షించి, గ్రేడు వేసి, ప్లాస్టిక్ కేసులో సీలు చేసే పనిని అవి పెద్ద ఎత్తున మొదలుపెట్టాయి. పాత నాణేల విషయంలో ఇది నిజంగా మంచి పని. దానివల్ల నకిలీల బెడద తగ్గింది, అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ ఒక ఉమ్మడి భాష దొరికింది. కానీ టీవీలో అదే 70 గ్రేడును నిన్న మొన్న ముద్రించిన నాణేల మీద చూపిస్తారు. ఐదు రెట్లు పెద్దది చేసి చూసినా లోపం కనిపించకపోతే 70 ఇస్తారు. ఇప్పటి యంత్రాల మీద తయారై, ఎవరి చేతులూ మారకుండా నేరుగా గ్రేడింగ్‌కు వెళ్లే నాణేల్లో చాలా వాటికి 69 గానీ 70 గానీ వస్తుంది. 1986 నుంచి అమెరికా టంకశాల ముద్రిస్తున్న అమెరికన్ సిల్వర్ ఈగిల్ నాణెంలో ఉండేది ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాముల వెండి. 2015 ఒక్క ఏడాదిలోనే అవి 4 కోట్ల 70 లక్షలు అమ్ముడయ్యాయి. అలాంటి నాణేన్ని పట్టుకుని "లోపమే లేని అద్భుతం" అంటే, వినేవాళ్లు అది లక్షల్లో ఒకటి అనుకుంటారు.

"ఫస్ట్ స్ట్రైక్" లేబుల్ కూడా అలాంటిదే. అచ్చులు కొత్తగా ఉన్నప్పుడు మొదట పడిన నాణేలు అనే అర్థం వస్తుంది కదా, నాన్నగారూ అలాగే అనుకున్నారు. ఒక పెట్టె మీద "మొదటి ముద్ర" అని తన చేత్తో రాసుకున్నారు. నిజానికి నాణెం విడుదలైన మొదటి 30 రోజుల్లో గ్రేడింగ్ సంస్థకు చేరితే ఆ లేబుల్ దొరుకుతుంది. ఏ నాణెం ముందు పడింది, ఏది తర్వాత పడింది అనే లెక్క అమెరికా టంకశాల దగ్గరే ఉండదు.

పూత నాణేల గురించి చెప్పాలంటే నాకు కోపం ఆగదు. "24 క్యారెట్ల స్వచ్ఛమైన బంగారం" అనే మాట పెద్ద గొంతుతో, "పూత" అనే మాట చిన్న అక్షరాలతో వస్తుంది. 40 మిల్లీమీటర్ల నాణేనికి రెండు వైపులా 0.1 మైక్రాన్ (మిల్లీమీటరులో పదివేలో వంతు) మందంతో పూత వేయడానికి పట్టే బంగారం దాదాపు 5 మిల్లీగ్రాములు. ఒక గ్రాము బంగారంతో రెండు వందల నాణేలకు పూత వేయవచ్చు. ఈ ఒక్క లెక్క తెర మీద కనిపిస్తే ఎంతమంది ఫోన్ చేస్తారు?

ఇలాంటివి కోర్టుల దాకా వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. 2004లో అమెరికాలో, వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉన్నచోట కట్టబోయే ఫ్రీడమ్ టవర్ బొమ్మతో ఒక "సిల్వర్ డాలర్" టీవీ ప్రకటనల్లో అమ్మారు. 2001 ఉగ్రదాడిలో కూలిపోయిన ఆ సెంటర్ శిథిలాల కింద దొరికిన వెండి అందులో ఉందన్నారు. నాణెం మీద నార్తర్న్ మరియానా దీవుల పేరు వేశారు. అది అమెరికా అధీనంలోని ప్రాంతం, సొంతంగా నాణేలు ముద్రించుకునే అధికారం దానికి లేదు. నాణెం మీద ఉన్నదీ వెండి పూతే. న్యూయార్క్ అటార్నీ జనరల్ కోర్టుకు వెళ్లి ఆ అమ్మకం ఆపించారు. జనం దుఃఖాన్ని కూడా సరుకుగా మార్చగలిగిన వ్యాపారమిది, అందుకే దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దని ప్రాధేయపడుతున్నాను.

మంత్రిగారూ, నేను అడిగేది నిషేధం కాదు. నాణేలు సేకరించడం మంచి అలవాటు. నాన్నగారు ఒక్కో నాణెం మీది బొమ్మ చూపించి నాకు చరిత్ర చెప్పేవారు. నేను అడిగేది ఆ తెర గురించే. అమ్మకం జరుగుతున్నంతసేపూ తెర మూలన టైమర్ తిరుగుతుంటుంది, "ఇంకా 42 మాత్రమే ఉన్నాయి" అని మెరుస్తుంటుంది. కొనేవాడికి టెన్షన్ పుట్టించడానికి అంత చోటు ఉన్నప్పుడు, ఆ పక్కనే అంతే పెద్ద అక్షరాల్లో నాణెంలోని లోహం బరువు, ఆ రోజు ధర ప్రకారం దాని విలువ, మొత్తం ఎన్ని ముద్రించారు, ముద్రించింది ప్రభుత్వ టంకశాలా ప్రైవేటు కంపెనీయా అన్నవి చూపించాలి. గ్రేడు చెబితే, అదే నాణెం అదే గ్రేడులో ఇప్పటికే ఎన్ని ఉన్నాయో చెప్పాలి. ఈ లెక్కలను గ్రేడింగ్ సంస్థలే ప్రకటిస్తాయి కాబట్టి వెతుక్కునే శ్రమ కూడా లేదు. పూత అయితే ఎన్ని మిల్లీగ్రాములో చెప్పాలి.

నియమం పెడితే వ్యాపారం ఆగిపోతుందని ఎవరైనా అంటే, అమెరికాలో నకలు నాణేల మీద "కాపీ" అనే ముద్ర ఉండాలన్న చట్టం 1973లోనే వచ్చిందని గుర్తుచేయండి. అక్కడ నకళ్ల అమ్మకం ఈనాటికీ సాగుతోంది. కొనేవాడికి అది నకలని తెలుస్తుంది, అంతే.

ఇంకో మాట, వాపసు గురించి. ఐరోపా యూనియన్‌లో ఫోన్ ద్వారా, టీవీ ద్వారా కొన్న సరుకును 14 రోజుల్లో వెనక్కి ఇచ్చే హక్కు ఉంది. కానీ ఆర్థిక మార్కెట్ హెచ్చుతగ్గులను బట్టి ధర మారే సరుకులకు ఆ నియమంలో మినహాయింపు ఉంది. ఇక్కడ అలాంటి నియమం రాసేటప్పుడు, లోహం ధరకు ఎన్నో రెట్లకు అమ్మే సేకరణ నాణేలు ఆ మినహాయింపు చాటున తప్పించుకోకుండా చూడండి. గడువు కూడా పెట్టె చేతికి అందిన రోజు నుంచి మొదలవ్వాలి.

నాన్నగారి బిల్లులు, సర్టిఫికెట్లు, డీలర్లు రాసిచ్చిన తూకం చీటీలు అన్నీ ఒక ఫైల్లో పెట్టాను. మీ అధికారులు ఎప్పుడు అడిగినా తీసుకుని వస్తాను. ఆయన ఆఖరిగా ఆర్డరిచ్చిన పెట్టె ఆయన పోయిన తొమ్మిదో రోజున ఇంటికి వచ్చింది. దాని సీలు నేనింకా విప్పలేదు.

ఇట్లు,
నాణేలంటే నాన్న వల్ల ఇష్టం పెంచుకున్న ఒక కూతురు