ఆసు మిషన్ మాకు కావాలి, ప్రింటు చీర మీద పోచంపల్లి పేరు వద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈమధ్య ఎక్కడ చూసినా ఏఐ వస్తే ఎవరి పని పోతుంది, ఎవరిది ఉంటుంది అన్న ముచ్చటే, అందులో ఐటీ వాళ్ళ గురించి మాట్లాడతారు గాని మగ్గం మీద కూర్చునే వాళ్ళని ఎవరూ అడగరు. మాది పోచంపల్లి దగ్గర నేత కుటుంబం, ఈ ప్రశ్న మా ఇంటికి ఎప్పుడో వచ్చింది కాబట్టి రాస్తున్నా.

మిషన్ అంటే మాకు పగ ఏం లేదు. మా అమ్మ ఆసు పోసేది, అంటే రంగులు వేయకముందే చీర దారాన్ని మేకుల మీద చుట్టి సిద్ధం చేసేది. ఒక్క చీరకి మేకుల చుట్టూ దారం తిప్పుతూ చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి, రోజుకి రెండు చీరలంటే 18 వేల సార్లు. రాత్రికి కుడి భుజం లేవక జడ కూడా అక్కతో వేయించుకునేది. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ పడే ఇదే బాధ చూడలేక 1999లో ఆసు మిషన్ తయారుచేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది ఆయనకి. మా ఇంటికి ఆ మిషన్ వచ్చిన రోజు అమ్మ చాలాసేపు దాని పక్కనే కూర్చుని చూసింది.

కాని నేత అలా మిషన్‌కి అప్పగించే పని కాదు. ఇక్కత్‌లో, అంటే మా పోచంపల్లి నేతలో, డిజైన్ నేసేటప్పుడు రాదు, ముందే దారానికి రబ్బరు కట్టి రంగులో ముంచుతారు, తర్వాత మా నాయన పేక దారం (అడ్డంగా వేసే దారం) వేసిన ప్రతిసారీ అంచు దగ్గర వేలితో కొంచెం లాగి రంగుకి రంగు కలుపుతాడు, వాన రోజుల్లో దారం ఒకలా ఉంటుంది ఎండాకాలం ఇంకోలా ఉంటుంది, అది ఆయన వేలికి తెలుస్తుంది, నాకు ఇప్పటికీ రాలేదు.

పోయిన దసరాకి హైదరాబాద్‌లో ఒక షాపులో పోచంపల్లి అని చెప్పి 900 రూపాయలకి చీర చూపించారు. తిరగేస్తే వెనక తెల్లగా ఉంది, అంటే ప్రింటు. అసలు ఇక్కత్‌కి రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. అక్కడున్న ఆడవాళ్ళు ఇద్దరు కొనేసారు కూడా, వాళ్ళ తప్పేం లేదు, చెప్పేవాళ్ళు ఉండాలి కదా.

మిషన్ మా నాయన పనితనాన్ని దాటలేదు సార్, ఆయన పేరు వాడుకుని ధర పడగొడుతుంది, అదీ మా బాధ. ఇప్పుడు ఫోన్‌లోనే ఏఐతో ఇక్కత్ డిజైన్ క్షణంలో తీస్తున్నారు, వారం తిరక్కుండా అది ప్రింటుకి పోతుంది, ఇక్కడ ఒక వార్పు చీరలు, అంటే మగ్గం మీద ఒకసారి ఎక్కించిన నిలువు దారంతో వచ్చే చీరలు, దిగాలంటే ఇంటిల్లిపాదీ నెలకి పైగా కష్టపడాలి. పోచంపల్లి ఇక్కత్‌కి జీఐ (ఆ ఊరి పేరు వేరేవాళ్ళు వాడకుండా ఇచ్చే గుర్తింపు) ఉంది, కొన్ని రకాల బట్టలు మగ్గం మీదే నేయాలనే 1985 చేనేత రిజర్వేషన్ చట్టం ఉంది, కాగితం మీద అన్నీ ఉన్నాయి.

చేనేత శాఖ వాళ్ళు ఆగస్టు 7న చేనేత దినోత్సవానికి స్టాల్స్ పెట్టి సన్మానాలు చేస్తున్నారు, సంతోషం, దాంతోపాటు పండగ సీజన్‌లో షాపులు కూడా తనిఖీ చేయాలి. ప్రింటు చీర అమ్ముకోనివ్వండి, బిల్లు మీద మాత్రం ప్రింటు అనే రాయించండి.

ఇట్లు,
ఒక నేతకారుని కొడుకు, యాదాద్రి భువనగిరి జిల్లా