ఎలా ఆగుతోందో ముందు చెప్పు, అమ్మలూ

పెరంబూర్, చెన్నై
ఫిబ్రవరి

చి.సౌ. అమ్మలుకి,

అమ్మ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నాన్నా నేనూ క్షేమం. నిన్న రాత్రి ఫోన్లో "ఇక నా వల్ల కాదమ్మా, ఈ సీఎన్‌సీని ఎవరికైనా ఇచ్చేస్తాను" అన్నావు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఇచ్చెయ్యడం నీ ఇష్టం. కానీ ఎందుకు ఆగుతోందో తెలియకుండా ఇచ్చేస్తే, తీసుకున్నవాళ్ళూ ఇదే అవస్థ పడతారు. పైగా కంప్యూటర్ చెప్పినట్టు చెక్కని చెక్కుతూ మన ఇంట్లో ఏళ్ళ తరబడి చక్కగా పనిచేసిన మిషన్ అది. బెంగళూరులో మారతహళ్ళి వెళ్ళగానే దానికి దయ్యం పట్టిందంటే నేనొప్పుకోను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. ఉత్తరమైతే మిషన్ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చూసుకోవచ్చని కూర్చుని రాస్తున్నాను.

"మధ్యలో ఆగిపోతోంది" అన్నావు. గిండీలో టెస్టింగ్ సెక్షన్‌లో పనిచేసినన్నాళ్ళూ ఈ మాటతో వచ్చిన ఏ బోర్డునీ నేను విప్పలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళి "ఒంట్లో బాగాలేదు" అన్నట్టుంటుంది ఆ మాట. ఎలా ఆగింది? ఆగినప్పుడు స్క్రీన్ మీద ఏం పడింది? స్పిండిల్, అదే చెక్కే ములికిని తిప్పే మోటారు, తిరుగుతూనే ఉందా? అది తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

"అలారం 1" అని పడి ఆగితే, బల్ల చివర ఉండే లిమిట్ స్విచ్ నొక్కుకుందని మిషన్‌ని నడిపే కంట్రోలర్ బోర్డు అనుకుందన్నమాట. స్పిండిల్ బల్ల చివరిదాకా వెళ్ళకపోయినా అలా అనుకోవచ్చు. మోటారు బ్రష్షుల దగ్గర పుట్టే నిప్పురవ్వల వల్ల వచ్చే నాయిస్, పక్కనే పోతున్న స్విచ్ తీగలోకి ఎక్కుతుంది. ఆ రెండు తీగల్నీ దూరంగా కట్టి, బోర్డు దగ్గర స్విచ్ పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ ఒకటి పెడితే సాధారణంగా సర్దుకుంటుంది. జాబ్ మధ్యలో, బోర్డులోని జీఆర్‌బీఎల్ ప్రోగ్రామ్ మొదట్లో పంపే "జీఆర్‌బీఎల్ 1.1" అనే లైను మళ్ళీ వచ్చిందంటే, బోర్డు రీసెట్ అయింది. అలా కాకుండా లాప్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో మిషన్ తగిలిన పోర్టే మాయమైపోతే అది యూఎస్‌బీ సంగతి. ఇక ఏ మెసేజీ రాకుండా జాబ్ సాగుతూనే ఉండి బొమ్మ మాత్రం పక్కకి జరిగితే, కంప్యూటర్ జోలికి వెళ్ళకు. మోటారు షాఫ్టునీ అది తిప్పే మరల కడ్డీనీ (లీడ్ స్క్రూ) కలిపే కప్లింగ్ దగ్గర, దాన్ని బిగించే గ్రబ్ స్క్రూ చూడు. మూడు మోటార్ల షాఫ్టుల మీంచి కప్లింగుల మీదికి ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక్కో గీత గీసి ఉంచాను. ఆ గీత రెండు ముక్కలై పక్కకి జరిగి కనిపిస్తే స్క్రూ జారిందని అర్థం.

నువ్వు చెప్పినదాన్నిబట్టి నీది పోర్టు మాయమయ్యే రకం. "కనెక్ట్ బటన్ మళ్ళీ వచ్చేస్తోందమ్మా, కేబుల్ పీకి పెడితేనే దొరుకుతోంది" అన్నావు. ఆ తరవాత మాటల్లో మాటగా ఇంకో ముక్క అన్నావు: పొట్టు లాగే వాక్యూమ్ గొట్టం సర్దుతుంటే చేతికి టిక్కుమని కొట్టిందని. నువ్వు దాన్ని పట్టించుకోలేదు గానీ, నాకు మాత్రం అక్కడే దారి దొరికింది.

ఎండీఎఫ్ చెక్క పొట్టు ప్లాస్టిక్ గొట్టంలోంచి వేగంగా పోతుంటే రాపిడికి స్టాటిక్, అంటే కదలకుండా పేరుకునే ఛార్జ్, పుడుతుంది. మన చెన్నైలో సముద్రపు గాలి. ఏ వస్తువు మీద చూసినా కంటికి కనపడని తేమ పొర ఉంటుంది, పుట్టిన ఛార్జ్ పుట్టినట్టే దాని మీదుగా జారిపోతుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందో నీ పెదాలు పగిలినప్పుడల్లా నువ్వే చెబుతుంటావు. ఆ పొడిగాలిలో ఛార్జ్ ఎక్కడికీ పోదు. గొట్టం మీద వేల వోల్టులు పేరుకుంటుంది. గొట్టం స్పిండిల్‌కి ఆనుకుని ఉంది కాబట్టి ఒక దశలో మిషన్ ఒంటి మీదికి దూకుతుంది. అక్కడినుంచి బయటపడటానికి దానికి సులువైన దారి ఒకటే: కంట్రోలర్ బోర్డు, యూఎస్‌బీ కేబుల్, నీ లాప్‌టాప్. ఆ దెబ్బకి లాప్‌టాప్‌లో యూఎస్‌బీ బెదిరి లింకు తెంపేసుకుంటుంది. ఇక్కడ నేను తుప్పుతో వేగాను. లీడ్ స్క్రూలకి కుట్టుమిషన్ నూనె పట్టించడం, స్విచ్ కాంటాక్టులు పచ్చబడితే గీకడం, ఇదే నాకు పని. నీకక్కడ తుప్పు బాధ తక్కువ, స్టాటిక్ బాధ ఎక్కువ.

ఇక్కడ బాగా పనిచెయ్యడానికి తేమ ఒక్కటే కారణం కాదు. మిషన్ వెనక అల్యూమినియం ఫ్రేముకి ఒక పచ్చ తీగ బిగించి, దాని రెండో కొస త్రీపిన్ ప్లగ్గులో లావు ఎర్త్ పిన్నుకి కలిపి ఇచ్చాను. నువ్వు పంపిన ఫోటోలో చూశాను, ఆ తీగ చుట్టచుట్టి టేపు వేసి ఉంది. సామాను సర్దినవాళ్ళెవరో ఊడదీసి ఉంటారు. పైగా నువ్వు ఎర్త్ లేని టూపిన్ ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడుపుతున్నావు. మన ఇంట్లో వెనక దొడ్లో ఎర్త్ గుంత ఉంది కదా, ఎండాకాలం వస్తే బిందెడు నీళ్ళు పోసి రమ్మని నిన్ను పంపేదాన్ని. ఉప్పూ బొగ్గూ వేసిన ఆ గుంత తడిగా ఉంటేనే పైపు భూమిని సరిగ్గా పట్టుకుంటుంది. నువ్వు విసుక్కుంటూ పోసిన ఆ నీళ్ళే ఇన్నేళ్ళూ ఈ మిషన్‌ని కాపాడాయి.

ఒకటి గుర్తుపెట్టుకో. టిక్కుమని ఒక్కసారి కొట్టి ఊరుకుంటే స్టాటిక్. ఫ్రేము మీద మడిచిన వేలి వెనక భాగం ఆనించి మెల్లగా జరుపుతుంటే, ఆనినంతసేపూ జివ్వుమంటూ ఉంటే అది వేరు. అది అడాప్టర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లలోంచి వచ్చే లీకేజీ. ఎర్త్ లేనప్పుడు ఫ్రేముకీ భూమికీ మధ్య మీటరు 100 వోల్టులకి అటూ ఇటూగా చూపిస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికేమీ కాదు గానీ, యూఎస్‌బీకి మాత్రం అది రోజూ ఉండే పోరు. నీకు రెండూ ఉన్నాయని నా అనుమానం.

కాబట్టి మిషన్ని హాల్లోంచి యుటిలిటీలోకి మార్చు. వాషింగ్ మిషన్ కోసం పెట్టిన 16 ఆంపియర్ల పాయింట్‌కి ఎర్త్ లాగి ఉండాలి. ఉండాలి అంటున్నాను, నమ్మమనడం లేదు. మీటరు ఏసీ 750 మీద పెట్టి కొలువు. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 దరిదాపుల్లో రావాలి, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్యా దాదాపు అంతే రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు మించకూడదు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య అంకె నిలకడగా లేకపోతే ఆ కంతలో తీగే లేదనుకో. బల్బు పెట్టి చూసే పద్ధతి నీకు తెలుసు, కానీ అది నువ్వు చెయ్యొద్దు. ఎలక్ట్రీషియన్ని పిలువు. ఈ కొలతలు కూడా అల్లుడుగారు ఇంట్లో ఉన్నప్పుడే చెయ్యి, ఒంటరిగా వద్దు.

పచ్చ తీగ బిగించాక కూడా వెంటనే నేమ్ బోర్డు చెక్కడం మొదలుపెట్టకు. ఒకే జాబ్‌ని మూడు రకాలుగా నడుపు. మొదట చెక్క లేకుండా, వాక్యూమ్ లేకుండా, గాల్లో. తరవాత గాల్లోనే, వాక్యూమ్ వేసి. ఆఖర్న చెక్క పెట్టి, పొట్టు లాగుతూ. వాక్యూమ్ స్విచ్ వేసిన క్షణంలోనో ఆపిన క్షణంలోనో లింకు తెగితే అది మోటారు కరెంటు లైన్లోకి పంపే దెబ్బ, దాన్ని వేరే గది పాయింట్‌లో పెట్టు. వాక్యూమ్ నడుస్తున్నా గాల్లో అంతా బాగానే సాగి, పొట్టు పోవడం మొదలయ్యాక ఎప్పుడో ఒకప్పుడు తెగితే స్టాటిక్కే. అప్పుడు గొట్టం లోపలినుంచి చివరిదాకా ఒక రాగి తీగ, పైన ఇన్సులేషన్ లేనిది, లాగి రెండు చివర్లూ ఫ్రేముకి కలిపి ఎర్త్ చెయ్యి. ఎస్పీ రోడ్డుకి వెళ్తే ఆ తీగా, నాయిస్ తగ్గించడానికి యూఎస్‌బీ కేబుల్‌కి తగిలించే ఫెర్రైట్ క్లిప్పూ దొరుకుతాయి. కేబుల్ మీటరున్నర లోపుది, షీల్డ్ ఉన్నది తీసుకో. కానీ ఇవన్నీ ఒకేసారి తగిలించకు తల్లీ. అన్నీ కలిపి చేస్తే మిషన్ బాగుపడుతుంది, ఏది బాగుచేసిందో తెలియదు, మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ మొదటికొస్తావు. ఒకటి మార్చు, నడుపు, రాసుకో.

ఇక సాఫ్ట్‌వేర్. ఆదివారమంతా కూర్చుని కంట్రోలర్ బోర్డులో ఫర్మ్‌వేర్ మళ్ళీ ఎక్కించావు, మిషన్‌కి ఆదేశాలు పంపే సెండర్ ప్రోగ్రామ్ మార్చావు, చివరికి లాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 సిస్టమ్ కొత్తగా వేశావు. ఆ కష్టం చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. ఆ ఫర్మ్‌వేర్, అంటే జీఆర్‌బీఎల్, 2009లో సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ మొదలుపెట్టింది, 32 కేబీ మెమరీ ఉన్న చిన్న చిప్‌లో మొత్తం ఇమిడిపోతుంది. ఏళ్ళ తరబడి సరిగ్గా నడిచి, ఊరు మారగానే పాడయ్యే సరుకు కాదది. అనుమానం ముందు తీగల మీదికి పోవాలి. కానీ కదిపావు కాబట్టి రెండు కొత్త చిక్కులొచ్చాయి, వాటిని పాత జబ్బుతో కలపకు.

మొదటిది, నేమ్ బోర్డు చిన్నదైపోయిందన్నావే, అది. ఫర్మ్‌వేర్ వెర్షన్ మారితే సెట్టింగులు డిఫాల్టుకి వెళ్ళిపోతాయి. మన మోటారు ఒక చుట్టుకి 200 స్టెప్పులు, డ్రైవర్ ఒక్కోదాన్ని 16 ముక్కలు చేస్తుంది, అంటే 3200. లీడ్ స్క్రూ ఒక చుట్టుకి 4 మిల్లీమీటర్లు కదుపుతుంది. 3200ని 4తో భాగిస్తే మిల్లీమీటరుకి 800. డిఫాల్ట్ 250. అందుకే నువ్వు 100 మిల్లీమీటర్లు అడిగితే అది 31 దగ్గర ఆగింది. డాలర్ గుర్తు రెండుసార్లు కొట్టి ఎంటర్ నొక్కు, లిస్టు వస్తుంది. డాలర్ 100, 101, 102 మూడింటినీ 800 చెయ్యి. మిగతా అంకెలన్నీ పెట్టె మూత లోపలివైపు అంటించిన కాగితం మీద ఉన్నాయి, పైనుంచి కింది దాకా సరిచూసుకో.

రెండోది నిజంగా విచిత్రమైనది. కొత్త ఉబుంటు వేశాక పోర్టు అసలు కనపడటమే లేదన్నావు. మన బోర్డు మీది యూఎస్‌బీ చిప్ సీహెచ్340. ఆ ఉబుంటులో బీఆర్ఎల్‌టీటీవై అని చూపులేనివాళ్ళ బ్రెయిలీ డిస్‌ప్లేలు నడిపే ప్రోగ్రామ్ ఉంటుంది. కొన్ని బ్రెయిలీ పరికరాల్లోనూ ఇదే రకం చిప్ ఉండటంతో, మన మిషన్‌ని బ్రెయిలీ డిస్‌ప్లే అనుకుని అది పోర్టు లాగేసుకుంటుంది. కెర్నెల్ మెసేజీల్లో దాని పేరు కనపడితే అదే కారణం. నీ లాప్‌టాప్ నువ్వొక్కదానివే వాడుతున్నావు కనక ఆ ప్యాకేజీ తీసెయ్యి. చూపులేనివాళ్ళు వాడే కంప్యూటర్‌లో మాత్రం ఎప్పుడూ తియ్యకు. అప్పటికీ కనెక్ట్ కాకపోతే నీ యూజర్ పేరు, పోర్టు వాడే అనుమతి ఇచ్చే డయల్ఔట్ గ్రూపులో ఉందో లేదో చూడు.

లాప్‌టాప్ నిద్రలోకి పోకుండా పవర్ సెట్టింగు మార్చి, మొదటి పరీక్ష రోజు ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీదే నడుపు, ఛార్జర్ దారి కూడా తప్పించినట్టవుతుంది.

వచ్చే శనివారం ఎదురింటివాళ్ళబ్బాయి బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాడు. రిచీ స్ట్రీట్‌లో కొన్న అల్లిక రాగి తీగ, కొన్ని కెపాసిటర్లు, నా పాత నోట్‌బుక్కు ఇచ్చి పంపుతున్నాను. ఆవకాయ కూడా పెట్టాను, రెండూ ఒకే సంచిలో ఉన్నాయి, నోట్‌బుక్కు ముందు బయటికి తియ్యి. ఈలోగా యుటిలిటీ పాయింట్ దగ్గర వచ్చిన మూడు అంకెలూ నాకు మెసేజ్ పెట్టు. అవి చూశాకే ఇవ్వాలా ఉంచాలా అన్నది మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
అమ్మ

తా.క. మల్టీమీటర్‌లో 9 వోల్టుల బ్యాటరీ మార్చాకే కొలువు. అది నీరసపడితే మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.