ముల్లు లేవకపోతే ముందు మీటర్ విప్పొద్దు

సంపాదకులకు,

పాత కార్లలో స్పీడోమీటర్ ముల్లు పడిపోయిందంటే చాలాచోట్ల ముందు మీటరే విప్పేస్తున్నారు. పాత సామాను కొట్టులో ఇంకోటి తెచ్చి బిగించినా ముల్లు లేవదు. పైగా బండి అసలు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో లెక్క పోతుంది. లోపం తరచుగా గేర్‌బాక్సు మీద వేగాన్ని పసిగట్టే సెన్సర్ దగ్గరో, అక్కణ్ణుంచి వచ్చే వైర్లలోనో ఉంటుంది.

పెట్రోలు, టెంపరేచర్ ముళ్లు కూడా పడిపోతే ఫ్యూజు, మీటర్ ఎర్త్ (బండి బాడీకి కలిపే వైరు) చూడాలి. స్పీడు ఒక్కటే పోతే సెన్సర్ కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) ఊడదీసి, తాళం ఆన్ చేసి, ఇంజను స్టార్ట్ చేయకుండా వైర్ల వైపు పిన్నులకు డిజిటల్ మల్టీమీటర్ పెట్టాలి. మూడు వైర్ల సెన్సరైతే ఒకదాంట్లో సుమారు 12 వోల్టులు, ఒకటి ఎర్త్, మూడోది మీటర్‌కి వేగం చెప్పే సిగ్నల్. చాలా కార్లలో ఈ మూడోదానికి మీటర్ వైపు నుంచి 5 లేదా 12 వోల్టులు వస్తాయి. ఇక్కడ టెస్ట్ ల్యాంపు మాత్రం వాడొద్దు, లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు కాలిపోవచ్చు.

తర్వాత కప్లర్ తిరిగి పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రం ఒకటి జాకీతో లేపాలి. ఇది ముందు చక్రాలకు పవర్ వచ్చే కార్ల సంగతి. న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ, కప్లర్ వెనకనుంచి సిగ్నల్ వైరు చూస్తే వోల్టేజి సున్నాకి పడుతూ లేస్తూ ఉండాలి. కరెంటు, ఎర్త్, సిగ్నల్ వైరుకి మీటర్ వైపు నుంచి రావాల్సిన వోల్టేజి సరిగ్గా ఉండీ అలా కదలకపోతే సెన్సరో, దాన్ని తిప్పే ప్లాస్టిక్ పినియనో (చిన్న పళ్లచక్రం) పోయినట్టు. పినియన్ పళ్లు అరగడం పాత బండ్లలో మామూలే. సెన్సర్ దగ్గర కదిలి మీటర్ వెనక కదలకపోతే మధ్యలో వైరు తెగింది. అక్కడా కదులుతుంటేనే మీటర్‌ని అనుమానించాలి.

కొత్తపట్నం, తుమ్మలపెంట, మైపాడు వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి కప్లర్ పిన్నులకు పచ్చగా చిలుము పడుతుంది. గతుకుల్లో ముల్లు ఎగిరెగిరి పడుతుంటే ముందు అదే చూడాలి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పిన్ను బిగువు సరిచేస్తే చాలాసార్లు ఖర్చు అక్కడితో ఆగుతుంది. సెన్సర్ బదులు తిరిగే కేబుల్‌తో మీటర్ నడిచే ఇంకా పాత బండ్లలో ముల్లు వణుకుతూ టకటకమంటే లోపలి తీగకు గ్రీజు ఎండిపోయినట్టు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధన 117 ప్రకారం స్పీడోమీటర్ ఉండి తీరాలి. అందుకే వర్క్‌షాపులవారికి మా విన్నపం: మీటర్ మార్చమనే ముందు ఈ రీడింగులు బండి యజమానికి చూపించండి. మార్చక తప్పకపోతే పాత మీటర్లోని కిలోమీటర్లు, తేదీ బిల్లు మీద రాసివ్వండి.

– కొందరు ఆటో ఎలక్ట్రీషియన్లు,
కావలి, నెల్లూరు జిల్లా