ముఖ్యమంత్రి గారూ, ఆరో తరగతి పిల్లలకూ పొద్దుటి టిఫిన్ పెట్టించండి

చెన్నై,
సెప్టెంబర్ 2025

గౌరవనీయులైన తమిళనాడు ముఖ్యమంత్రి శ్రీ ఎం.కె. స్టాలిన్ గారికి,

నమస్కారం. నేను ఉత్తర చెన్నైలోని కొరుక్కుపేటలో ఉండే తెలుగువాణ్ణి. బడిపిల్లల టిఫిన్ గురించి మీకొక విన్నపం.

2022 సెప్టెంబర్ 15న మదురైలో మీరు మొదలుపెట్టిన పొద్దుటి టిఫిన్ పథకం మరుసటి ఏడాదికే రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ వచ్చింది. పోయిన నెల మైలాపూర్‌లో నగరాల ఎయిడెడ్ బడులకూ విస్తరించారు. ఉప్మా ఏ రోజో, పొంగల్ ఏ రోజో మా వీధి పిల్లలు తడుముకోకుండా చెబుతారు. ఇది చాలా పెద్ద మేలు.

కానీ ఐదో తరగతి దాటితే ఆ టిఫిన్ లేదు.

ఉత్తర చెన్నైలో ఎన్నో తెలుగు కుటుంబాలు తరాలుగా పారిశుద్ధ్య పనిలో ఉన్నాయి. ఆరింటికల్లా డ్యూటీలో ఉండాలంటే తల్లి చీకటితోనే ఇల్లు వదలాలి. పొయ్యి వెలిగించే టైమ్ ఎక్కడుంటుంది? తమ్ముణ్ణి లేపి, తయారుచేసి, బడికి తీసుకొచ్చేది ఆరో ఏడో చదివే అక్కే. ఇద్దరిదీ ఒకటే బడి. తమ్ముడు వేడివేడి పొంగల్, సాంబారు తింటాడు. అక్క టీ, బన్నుతో మధ్యాహ్నం దాకా నెట్టుకొస్తుంది, చేతిలో డబ్బుల్లేని రోజు అదీ ఉండదు. ఎదిగే వయసు, ఆడపిల్లల్లో రక్తహీనత ముదిరే వయసు. సరిగ్గా అప్పుడే మనం వడ్డించడం మానేస్తున్నాం.

మధ్యాహ్న భోజనం పదో తరగతి దాకా పెడుతున్న రాష్ట్రం మనది. మరి పొద్దున ఐదుతో ఎందుకు ఆగాలి? ఈ ఏడాది బడ్జెట్‌లో టిఫిన్‌కు 600 కోట్లు ఇచ్చారు. ఇంకాస్త పెంచి, ముందు ఎనిమిదో తరగతి దాకా ఉన్న మిడిల్ స్కూళ్లలో మొదలుపెట్టండి. చెన్నైలో టిఫిన్ బండి ఆ గేటు దాకా ఎలాగూ వస్తోంది. కావలసింది మరిన్ని రవ్వ, బియ్యం, పప్పు, నూనె, వాటితోపాటు వండేవాళ్లు. ఉన్న ఆడవాళ్ల మీదే అదనపు పని వేయకండి, మనుషుల్ని పెంచండి.

1920లో ఈ నగరంలోనే, థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకు భోజనం పెట్టించారు అప్పటి మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులు పిట్టి త్యాగరాయ చెట్టి గారు. ఆయన తెలుగు కుటుంబంలో పుట్టారని మాకు గర్వం. ఆ పథకం కొన్నేళ్లకు నిధుల అభ్యంతరాలతో ఆగిపోయింది. ఇప్పుడు నిధులు మీ చేతిలో ఉన్నాయి. వచ్చే బడ్జెట్‌లోనే ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు కేటాయించమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
కొరుక్కుపేట నివాసి